దుప్పట్లు పిండే వాహనం

కొత్త యంత్రాల ప్రోత్సాహక కార్యాలయం వారికి,

లేతు మిషను మీద పనిచేసే మేస్త్రీ నమస్కారాలు. మా అక్క రోజుకు రెండొందల ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. పిండీ పిండీ మణికట్లు వాచిపోయాయి. పిండే యంత్రం బయటి దేశం నుంచి తెప్పిద్దామంటే సుంకం వినగానే కళ్ళు తిరిగాయి. కరెంటా, రోజుకు నాలుగు గంటలే. అందుకని పాత సైకిల్ పెడళ్ళకు రెండు రబ్బరు రోలర్లు తగిలించి, కాళ్ళతో తొక్కితే దుప్పటి పిండే యంత్రం చేశాను. మీ ముద్ర లేని యంత్రం వాడితే పని ఇవ్వబోమని ఆసుపత్రివాళ్ళు భీష్మించుకు కూర్చున్నారు. కాస్త ముద్ర వేసి పుణ్యం కట్టుకోండి.

మీ విధేయుడు,
లేతు మేస్త్రీ

తా.క. సుంకం వేసిందీ ప్రభుత్వమే, కరెంటు కోసిందీ ప్రభుత్వమే. నాచేత దీన్ని కనిపెట్టించిన ఘనత మీదే.

---

అయ్యా,

ఆరు నెలల కిందటి మీ దరఖాస్తు పరిశీలించాం. యంత్రం కొత్తదని ఒప్పుకోవాలంటే, అది మూడేళ్ళుగా వాడుకలో ఉన్నట్టు రుజువు కావాలి. పెడళ్ళున్నాయి గనుక దాన్ని వాహనాల కింద చేర్చాం. బెల్లు, దీపం, బ్రేకు లేవు. సరిచేసి మూడు ప్రతులు పంపగలరు.

ఇట్లు,
ప్రోత్సాహక గుమాస్తా

తా.క. మీరు జతచేసిన ఫోటోలో మీ అక్కగారు రోడ్డు వైపు చూడడం లేదు. ప్రమాదం.

---

గుమాస్తా గారూ,

మూడేళ్ళు వాడాక అది కొత్తదెలా అవుతుందండీ? పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది మీ వరస! అది ఎక్కడికీ పోయే బండి కాదు మహాప్రభో, నేలకు బోల్టులు వేసి బిగించాను. అయినా బెల్లు పెట్టాను, దీపం పెట్టాను. బ్రేకు దగ్గర మాత్రం నాకే నవ్వొచ్చి మానేశాను.

ఫైలు నడిచినన్నాళ్ళూ వాడుకోమని ఆసుపత్రివాళ్ళు దయతలిచారు. మీరు కాదన్న రోజున అక్క మళ్ళీ ఆ చేతులతోనే పిండాలి. గుర్తుంచుకోండి.

ఒళ్ళు మండుతున్నా నమస్కారాలతో,
లేతు మేస్త్రీ

తా.క. అక్క ఎదురుగా ఉన్నది గోడ. రోడ్డు వీపు వెనకాల ఉంది.

---

అయ్యా,

ఏడాది ఆలస్యానికి మన్నించాలి. నేలకు బిగించిన వాహనాన్ని అక్రమ పార్కింగుగా భావిస్తాం. మా తనిఖీ అధికారి మీ ఇంటికి వచ్చి అరగంట తొక్కి, "బయలుదేరిన చోటే ఉంది" అని నివేదిక ఇచ్చారు. ఎంత దూరం వెళుతుందో నెలలోగా తెలపండి. లేదా ఫైలు మూసేస్తాం.

ఇట్లు,
ప్రోత్సాహక గుమాస్తా

తా.క. అధికారి గారి చెమట చొక్కా ఉతికి పిండి ఇచ్చినందుకు వారు సంతోషించారు. నివేదికలో రాయడానికి దానికి గడి లేదు.

---

గుమాస్తా గారూ,

దూరం రాసుకోండి: రోజుకు రెండొందల దుప్పట్లు. మీ ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకు చేరేలోపు మా అక్క తొక్కిన తొక్కుడుకి భూమి చుట్టొచ్చేది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఫైలు మాత్రం మూయకండి, మీకు దండం పెడతాను.

లేతు మేస్త్రీ

తా.క. అక్క మణికట్ల వాపు తగ్గింది. మీ గడుల్లో దీనికైనా చోటుందా?

---

అయ్యా,

మీ ఉత్తరం అందిన ఈ ఏడాదిన్నరలో విధానం మారింది. ప్రభుత్వం సుంకం ఎత్తేసింది. ఆసుపత్రికి పన్నెండు విదేశీ యంత్రాలు వచ్చాయి. మీ యంత్రం అవసరం తీరినందున రేపు ఫైలు మూసేస్తున్నాం.

ఇట్లు,
ప్రోత్సాహక గుమాస్తా

తా.క. కరెంటు ఇంకా నాలుగు గంటలేనని కొన్నవాళ్ళకు తట్టలేదు. తడి దుప్పట్లు గుట్టలు పడ్డాయి. మా అమ్మ ఆ వార్డులోనే ఉంది మేస్త్రీ గారూ, రెండు రోజులుగా ఉత్త పరుపు మీద. ఆ పన్నెండింటికీ పెడళ్ళు తగిలించగలరా?

---

అయ్యా,

మీ దరఖాస్తు అందింది. ముందు నా యంత్రానికి ముద్ర పడాలి. మూడేళ్ళ వాడుకకు రుజువు అడిగారుగా? మీ ఉత్తరాలే. నా మొదటి దరఖాస్తు నుంచి మీ నిన్నటి జాబు దాకా మూడేళ్ళా నాలుగు రోజులు. మూడు ప్రతులు జతచేశాను. ముద్ర పడిన గంటలో పానా పట్టుకుని వస్తాను.

అమ్మగారి దుప్పటిని మాత్రం ముద్ర కోసం ఆపలేదు. అక్క పొద్దున్నే ఉతికి, పిండి, ఆరబెట్టి పంపింది.

ఇట్లు,
లేతు మేస్త్రీ

తా.క. ముద్ర వాహనాల కిందే వేయండి. పేరు మార్చబోతే ఇంకో మూడేళ్ళు పడుతుంది. పన్నెండు బెల్లులు, పన్నెండు దీపాలు మీరే తెచ్చుకోండి. బ్రేకులు అక్కర్లేదు, మీ కార్యాలయం ఉందిగా.