ఖాళీ గడి

1999 జనవరి 18, సోమవారం

ఒళ్లంతా నొప్పులు. అయినా సంతోషం ఆగడం లేదు. ఇందిర తన పీహెచ్‌డీ పుస్తకం చివరి అధ్యాయం పంపేసింది. ఫ్లాపీ సంచిలో పెట్టుకుని ఇద్దరం మాదాపూర్ ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాం. లైను మూడుసార్లు తెగింది. సెంటర్ ప్రసాద్ గారిది భీమవరం వైపు, ఓపిక ఉన్న మనిషి. "వెళ్తుందండీ, కంగారు పడకండి" అంటూనే ఉన్నారు. వెళ్లింది. పొద్దంతా సర్కారు బడిలో పాఠం చెప్పి, సాయంత్రాలు ఆ కంప్యూటర్ డబ్బా ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న యూనివర్సిటీ గడప తొక్కకుండానే నా బిడ్డ డాక్టర్ అవుతోంది. ఏడో తరగతి దాటని వాడి బిడ్డ! చందానగర్ దాకా బస్సులో నిలబడే వచ్చాం. మోకాళ్లు పట్టేశాయి. పట్టనీ.

జనవరి 20

బాలానగర్ వెళ్లి పాత దోస్తు షెడ్డులో ఇత్తడి రేకు కోయించుకుని వచ్చాను. అక్షరాలు నేనే పొడుస్తున్నా – డా. ఇందిర. ముప్పై ఒక్క ఏళ్లు లేత్ మీద పనిచేసిన చెయ్యి, ఇప్పుడు సుత్తి దెబ్బ గురి తప్పుతోంది. 'డా' కొంచెం వంకర పోయింది.

మా ఇంటామె సత్తెమ్మ అడిగింది – పట్టా రాకముందే బోర్డు ఏందయ్యా అని. ఆమెకు అన్నీ అయినాకే సంతోషం. నాకు అంత ఓపిక ఎక్కడిది.

జనవరి 24, ఆదివారం

గైడు మేడమ్ జవాబు వచ్చింది. ఇందిర ప్రింటు తెచ్చి, నన్నూ వాళ్లమ్మనూ కూర్చోబెట్టి, తెలుగు చేసి చెప్పింది. అధ్యాయం చాలా బాగుందట. ముఖ్యంగా ఆఖరి ప్రశ్న మీద రాసిన భాగం. నెలాఖరుకి చిన్న చిన్న దిద్దుబాట్లు చేసి పంపితే, ఫోన్ మీద నాలుగు ప్రశ్నలు, అంతే. సత్తెమ్మ చక్కెర తెచ్చి అందరి నోట్లో పోసింది.

ఆ ఆఖరి ప్రశ్న నాకు తెలుసు. మాదాపూర్ గుండ్రటి కంప్యూటర్ బిల్డింగు వెనక పునాదులు తవ్వే పాలమూరు కూలీల గుడిసెలకు ఆదివారం ఆదివారం ఇందిరతో నేనూ వెళ్లేవాణ్ణి, ఫారాలు మోస్తూ. పిల్లలు బడికి ఎందుకు పోవడం లేదు, పోతే ఏ తరగతి – అన్నీ తల్లులను అడిగేది. చివర – మీ బిడ్డ ఏం కావాలని మీ కోరిక?

"ముప్పై ఏడు మంది తల్లులు ఒక్కటే మాట అన్నరు బాపూ. పెద్ద చదువు చదవాలె అని. గైడు మేడమ్ గీ మాటనే పుస్తకానికి పేరు పెట్టుమంటున్నది."

నోట్లో చక్కెర అట్లాగే ఉండిపోయింది.

జనవరి 25

ఆ మాట తల్లులది కాదు. నాది.

పోయిన వానాకాలం ఫారాలు తడిసి అక్షరాలు అలుక్కుపోతే, బాపూ నీ రాత బాగుంటది, కొత్త ఫారాల మీద జర సాఫుగా దించు అంది ఇందిర. దించాను. ఆఖరి గడి చాలావాటిలో ఖాళీ; అంతమందిలో ఎవరు చెప్పలేదో ఇందిరకూ గుర్తు లేదు. ఫ్యాక్టరీలో షిఫ్టు అయ్యేసరికి లాగ్ షీటులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా మెమో ఇచ్చేవాళ్లు. ఆయిలు చూశావా, ప్రెషరు చూశావా అని కాదు – గడి నిండిందా అని. అందరం 'సరి' 'సరి' అని నింపి ఇంటికి వచ్చేవాళ్లం. చెయ్యికి అదే అలవాటు. ఇందిరకు మాట వస్తుందేమో అని, ఏ తల్లి అయినా ఇదే కదా కోరుకునేది అని... నింపేశాను. నాకే మంచిగా అనిపించింది కూడా. ఒక్కొక్క గడిలో నా బిడ్డనే రాసినట్టు.

నిజంగా ఆ మాట అన్న తల్లులూ ఉన్నారు. ఎవరో, ఎంతమందో తెలియదు. తడిసిన ఫారాలు అప్పుడే నీళ్లు కాగే పొయ్యిలో పెట్టాను.

జనవరి 26

బడిలో జెండా. ఇందిర ఇస్త్రీ చీర కట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఎట్లున్న బాపూ అంది. బాగున్నావు బిడ్డా అన్నాను.

జనవరి 28

చెప్పలేదు.

ఇత్తడి రేకు మంచం కింద బోర్లా పెట్టాను. పక్కింటి పంతులు గారు, డాక్టరమ్మ పట్టా ఎప్పుడు అని అడిగారు. వీధి వీధంతా నేనే చెప్పుకున్నాను కదా. ఇప్పుడు అడగొద్దని ఎవరికి చెప్పను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కాగితాలు లేవు. పట్టా వస్తుంది. రేకు గోడకు ఎక్కుతుంది. రోజూ పొద్దున దాని కింది నుంచి పాలకు వెళ్లాలి నేను.

జనవరి 31, ఆదివారం

చెప్పేశాను. ఇందిర పై వాటాలో ఒక్కతే ఉంది, అల్లుడు రైల్వే డ్యూటీ మీద కాజీపేటలో. దిద్దుబాట్లు ముందేసుకుని కూర్చుంది. నిలబడే చెప్పాను.

పెన్సిలు ఒక పక్క, రబ్బరు ఒక పక్క సర్దింది.

"అన్నీ నువ్వే రాసినవా?"

కొన్ని వాళ్లే అన్నారు బిడ్డా. ఏవో యాదికి లేవు.

"నాలుగేండ్లు బాపూ."

అంతే అంది. తిట్టినా బాగుండేది. కిందికి వచ్చి పడుకున్నాను.

ఫిబ్రవరి 1

ఇందిర కిందికి రాలేదు. సత్తెమ్మకు సంగతి చెప్పాను. కూర కలుపుతూ విన్నది. "నీ సంబురమే నీకు ఎక్కువ. ఎదుటోళ్లు నోరు తెరవకముందే వాళ్ల మాట గూడ నువ్వే మాట్లాడేస్తవు. పెళ్లయిన కాడి నుంచి గంతే." అని నా కంచంలో ఇంకో గరిటె వేసింది.

ఫిబ్రవరి 4

ఇందిరే వచ్చింది. ఆదివారం మళ్లీ పోదాం, మళ్లీ అడుగుదాం అంది. నెలాఖరు గడువు దాటింది కదా అన్నాను. చూద్దాం అంది. నన్ను రమ్మనడమే పదివేలు.

గుడిసెలు అక్కడ లేవట. బిల్డింగు పైకి లేచింది, మేస్త్రి అందరినీ పుప్పాలగూడ వైపు తోలుకుపోయాడని వాచ్‌మన్ చెప్పాడట.

ఫిబ్రవరి 7, ఆదివారం

బస్సు, ఆటో, తర్వాత నడక. రాళ్లు, దుమ్ము. రెండుసార్లు కూర్చున్నాను. ఇందిర ముందు నడుస్తోంది, వెనక్కి చూడదు. కానీ నేను కూర్చుంటే ఆగుతుంది.

సగం మందే దొరికారు. మిగతావాళ్లు ఊళ్లకు పోయారో, ఇంకో పనికి పోయారో. మొదటి ఆమె అడగగానే పెద్ద చదువు అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇందిర కలం ఆపి నా వైపు తిరిగింది –

"నువ్వు కండ్లతోని అడుగుతున్నవు బాపూ. జర దూరం పోయి కూసో."

ఇసుక కుప్ప మీద కూర్చున్నాను, వీపు అటు తిప్పి. అయినా వినపడుతూనే ఉంది. ఒకామె పోలీసు అంది. ఒకామె – ఏమయితే మాకేంది, బతికితే చాలు. ఇద్దరు నవ్వారు, తట్టలు ఎత్తుకున్న చప్పుడు.

బాలమణి దొరికింది. నిరుడు మాకు చాయ్ పెట్టిన మనిషి. ఆమె ఫారం ఒక్కటి మాత్రం నాకు బాగా యాదికుంది – గడి ఖాళీ, నేనే నింపాను. దారిలో ఇందిరకు చెప్పాను.

"గిదే నిరుడు గూడ అడిగిన్రు గద మేడమ్."

"అప్పుడు నువ్వేం చెప్పలే బాలమ్మా."

"చెప్పలే. ఏం జెప్పాలె? చదువుతదని నోటితోని అంటే, అది ఇన్నదంటే, పొద్దుగాల సంచి పట్టుకొని నిలవడుతది. మేస్త్రి ఎల్లుండి ఇంకో తావుకు పొమ్మంటడు. పిల్ల ముంగట అబద్ధం ఎందుకాడాలె? అందుకే ఊకున్న."

ఇందిర రాసుకుంది. ఒక్కొక్క మాట, ఆమె అన్నది అన్నట్టే. గాలికి కాగితం లేస్తుంటే నన్ను పిలిచింది – బాపూ, జర గీ అట్ట పట్టుకో.

పట్టుకున్నాను. ఆమె ఊరుకున్న గడిలో నేను ఆమె చేత అబద్ధం ఆడించాను.

ఫిబ్రవరి 9

ప్రసాద్ గారి సెంటర్. ఇందిర గైడు మేడమ్‌కి ఉత్తరం కొట్టింది. ఉన్నది ఉన్నట్టు – ముప్పై ఏడు గడులు నమ్మడానికి లేదు, ఆ భాగం తీసేస్తున్నాను, దొరికినవాళ్లను మళ్లీ అడిగాను, కొందరు ఊరుకున్నారు, ఎందుకు ఊరుకున్నారో ఒకామె చెప్పింది. ఎవరు నింపారు అనే చోట వేళ్లు ఆగాయి. 'ఫారాలు దించినవాళ్లు' అని కొట్టబోయింది. మా నాన్న అని రాయి బిడ్డా అన్నాను. ప్రసాద్ గారు ఇటు చూడకుండా ఫ్యాను స్పీడు పెంచారు.

రాసింది. లైను ఒక్కసారీ తెగలేదు.

ఫిబ్రవరి 10

జవాబు లేదు.

ఫిబ్రవరి 11

లేదు. కాళ్లకు నూనె రాస్తూ సత్తెమ్మ, పట్టా రాకపోతే ఏం జేస్తవు అంది. ఏమో అన్నాను. ఇందిర పొద్దున బడికి పోతూ మంచం కిందికి వంగి రేకు చూసిందట, 'డా' వంకర పోయింది అందట. నవ్విందా అని అడిగాను. చూడలేదంది సత్తెమ్మ.

ఫిబ్రవరి 12, శుక్రవారం

మూడు గంటలకు పక్కింటి ఫోన్‌కి ప్రసాద్ గారు చేశారు. మెయిల్ వచ్చిందండీ, నేను తెరవలేదండీ అన్నారట. బడికి కబురు పంపాను, ఇందిర అటు నుంచి అటే వెళ్లింది. నేను వెళ్లలేదు. నా కళ్లు లేకుండా చదువుకోనీ.

ఐదున్నర. రెండు బస్సులు పోయాయి, ఇందిర దిగలేదు. సత్తెమ్మ గడపలో నిలబడి ఉంది.

కూర్చుని ఈ పేజీ తీశాను. పట్టా గురించి 'వచ్చింది' అని రాయడానికి చెయ్యి దానంతట అదే కదిలింది. 'వ' దాకా రాసి కొట్టేశాను.

ఇంకో బస్సు ఆగింది. సత్తెమ్మ మెడ చాచి చూస్తోంది. ఎవరు దిగారని అడగలేదు నేను. ఇందిర వచ్చి చెప్పేదాకా ఈ గడి నింపను.

జవాబు –