కింది నురగ, పై పిండి

ఈ ఉత్తరాలు చదవబోయే సమస్త జనులకు,

ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. మీ విలువైన సాయంత్రాన్ని పాడుచేస్తున్నందుకు, ఒక గౌరవనీయ కుటుంబం గుట్టు నలుగురిలో పెడుతున్నందుకు, బీరు గురించి తెలుగులో ఇంత భక్తిగా రాయించినందుకు నా తల సిగ్గుతో వాలిపోయింది. నిజానికి వాలలేదు. పెద్దల ఉత్తరాలు బయటపెట్టే ముందు ఇలాంటిది ఒకటి రాయాలంటే రాశాను.

నేను కెనడాలోని ఒషావాలో ప్రభుదాస్ అంకుల్ గారింటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను. పనిరోజుల్లో పక్క ఊరు మార్కమ్ వెళ్ళి ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతాను. శనివారాలు నా తప్పులు నేను చేసుకుంటాను, అంటే బీరు కాస్తాను. డబ్బాలో దొరికే పాకం కలుపుకునే బాపతు కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మర పట్టించి, వేడినీళ్ళలో నానేసి, వేడి దిగకుండా దుప్పటి కప్పి, వడకట్టి, మరగబెట్టి, చల్లార్చి పులియబెట్టే రకం. ఇంత చేసినా మా క్లబ్బు పోటీలో ఆఖరి స్థానం ఎవరికీ వదిలిపెట్టలేదు. గది వేడికి పులియడం వల్ల నా బీరు గోళ్ళరంగు వాసన కొడుతున్నదని తీర్పరులు చెప్పారు. చల్లని చోటు కావాలి.

ప్రభుదాస్ అంకుల్ నరసాపురంలో మిషన్ హైస్కూలు హెడ్ క్లర్కుగా చేసి వచ్చినవారు, ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. కాగితం మీద లేని మాట మాట కాదని వారి నమ్మకం. అందుకే ఆయన పైన, నేను కింద ఉండి కూడా మెట్ల మీద ఉత్తరాలు పెట్టుకుంటాం. ఇంటి షరతు ఒక్కటే: మద్యం చుక్క కనబడితే నెలాఖరుకి గది ఖాళీ. ఆ గది పోతే నేను బతకలేను. ఫర్నేస్ పక్కన నీళ్ళు పోవడానికి నేలలో తూము ఉంది. ఆదివారాలు పైనుంచి చేపల పులుసు దిగుతుంది.

అభిరామ్

~

మహారాజశ్రీ ప్రభుదాస్ అంకుల్ గారి సముఖమునకు, బేస్‌మెంట్ నివాసి అభిరామ్ చేసుకొను విన్నపం.

తమరు ఇల్లంతా వెచ్చగా ఉంచి నన్ను కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. ఇది నా పూర్వజన్మ సుకృతం. అయితే నేను అల్పుణ్ణి, చలికి అలవాటుపడ్డవాణ్ణి. నా గదిలోకి వేడిగాలి వచ్చే జాలీని మూసుకోవడానికి అనుమతి ఇప్పించవలెను.

ఇట్లు, అక్షరాలా తమ పాదాల కింద నివసించే,
అభిరామ్

తా.క. గదిలోంచి బుడబుడమని శబ్దం వస్తే కంగారుపడవద్దు. అది నేను కాదు.

~

చి. అభిరామ్‌కు ప్రభువు నామమున శుభములు.

నీ విన్నపం అందినది. పూర్వజన్మలు మా నమ్మకంలో లేవు కనుక ఆ సుకృతమేదో ఈ జన్మలోనే సంపాదించుకోగలవు. నీకు ముందు ఆ గదిలో ఉన్నవారందరూ వేడి చాలడం లేదని రాసినవారే. ఎక్కువైందని రాసినవాడివి నీవొక్కడివే. ఫిబ్రవరిలో ఒషావాలో ఉక్కపోస్తున్నదంటే అది జ్వరమైనా కావాలి, గర్వమైనా కావాలి. జాలీ మూసుకో. ఎందుకైనా మంచిదని మీ ఆంటీ రగ్గు పంపుతున్నది.

ఇట్లు, ప్రభుదాస్

తా.క. బాబూ, నేను జ్ఞానసుందరి ఆంటీని. కవరు అంటించమని ఆయన నాకిచ్చారు, అంటించే ముందు నాలుగు ముక్కలు రాస్తున్నా. రగ్గు పెడదామని నీ గదిలోకి వచ్చి మూలనున్న బకెట్ చూశాను. నురగ పొంగి మూతనే లేపేస్తోంది. ఇడ్లీ పిండేగా అది. ఈ చలిదేశంలో నా పిండి ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా పొంగదు, శాలువా కప్పినా పొంగదు, ప్రార్థన చేసినా పొంగదు. నువ్వేం పెట్టావు నాయనా దానికి?

~

పూజ్యులైన అంకుల్ గారికి నమస్కారములు.

జాలీ మూశాను. ప్రాణం లేచి వచ్చింది. తమరు పంపిన రగ్గును శనివారం నాకంటే ఎక్కువ అవసరమున్న చోట కప్పాను. అది కప్పాక అక్కడ వేడి గంటసేపు చెక్కుచెదరలేదు. తమ దయ ఊరికే పోలేదని తెలియజేయడానికే ఈ నాలుగు ముక్కలు.

ఇట్లు, విధేయుడు,
అభిరామ్

తా.క. ఆంటీ గారికి, విడి చీటీ మీద, మీ చేతికే: దాన్ని పిండి అని నేను అనలేదు. కాదనడానికి నోరు రావడం లేదు. అందులో మినప్పప్పు లేదు. బార్లీ, కాస్త గోధుమ. దయచేసి మూత తీయవద్దు. దానికి సిగ్గు ఎక్కువ.

~

చి. అభిరామ్‌కు ప్రభువు నామమున శుభములు.

నీవు నోరు విప్పి చెప్పుకోకపోయినా నాకు అర్థమైంది. ఇచ్చిన రగ్గును చలిలో వణికేవారికి కప్పి వచ్చావు. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియనివ్వని మనిషివి. నేను నిన్ను తక్కువ అంచనా వేశాను.

మరొక శుభవార్త. ఆదివారం సంఘంలో ఉదయపు విందు మా ఇంటివారిది. ఏటా మీ ఆంటీ ఇడ్లీలను విశ్వాసులు ఓర్పుతో తినేవారు. ఈసారి పాస్టరు గారు ప్లేటు పట్టుకుని మూడోసారి వచ్చారు. “సిస్టర్, ఇవి ఇడ్లీలా, మబ్బులా” అన్నారు. “మా కింది అబ్బాయి నేర్పాడండి, వాడు బార్లీతో పులియబెడతాడు” అన్నది మీ ఆంటీ. షుగరు ఉన్నవాళ్ళందరూ నీ చిరునామా అడిగారు. నేను లేచి నిలబడి నీ గురించి, రగ్గు గురించి సభకు చెప్పాను. వచ్చే నెల యౌవనస్థుల కూటంలో ‘క్రమశిక్షణ గల జీవితం’ అనే అంశం మీద నీవు మాట్లాడవలెను.

ఇట్లు, ప్రభుదాస్

తా.క. ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు ఆఫీసుకు పోయినప్పుడు నీ బకెట్లోంచి గరిటెడు నురగ తీసుకెళ్ళి నా పిండిలో కలిపాను. తెల్లారేసరికి పిండి గిన్నె దాటి పొయ్యి ఎక్కి కూర్చుంది. ఊరికే తీసుకున్నానని అనుకోకు. మా అమ్మ మమ్మల్ని అలా పెంచలేదు.

~

పూజ్యులైన అంకుల్ గారికి నమస్కారములు.

నన్ను సభలో పొగిడారని తెలిసి మంచం పట్టాను. క్రమశిక్షణ గురించి మాట్లాడే అర్హత నాకు లేదని నా ఆఫీసు, నా తల్లి, నా మంచం కింది సాక్సులు ఏకగ్రీవంగా చెబుతాయి. దయచేసి మరెవరినైనా చూసుకోగలరు.

ఇట్లు, కుంచించుకుపోయిన,
అభిరామ్

తా.క. (మళ్ళీ విడి చీటీ) ఆంటీ గారూ, ఇంకెప్పుడూ ఆ మూత తీయకండి. కారణం అడగకండి. మీరు తీసుకున్నది మహా భాగ్యం, ఎందుకంటే మిగిలినది పాడైపోయింది. నిన్న రుచి చూశాను. నిమ్మకాయ పిండినంత పులుపు. గోళ్ళరంగు వాసన పోయిందని సంతోషించే లోపే ఇది. ప్రతి గొట్టం, ప్రతి మూత మరుగునీళ్ళతో కడిగాను. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడం లేదు. శనివారం దాన్ని నలుగురు పెద్దల ముందు పెట్టాలి. ఈసారి ఆఖరి స్థానం కింద ఇంకో స్థానం తవ్వుతారు.

~

అభిరామ్‌కు,

చిరంజీవి అని రాయకపోవడం పొరపాటు కాదు.

ఈ మధ్యాహ్నం ఒక గడ్డం మనిషి మన గుమ్మంలో నిలబడి నా మెడలో పతకం వేయబోయాడు. అతను ఇంగ్లీషులో అన్నది తెలుగులో రాస్తున్నాను.

“అభిరామ్ తండ్రిగారేనా?”

“ఇంటి యజమానిని.”

“అదృష్టవంతులు. ఈ ఏడు మా క్లబ్బు పోటీలో మీవాడి బీరుదే మొదటి బహుమతి.”

“ఇల్లు పొరబడ్డారు. మావాడు ఇడ్లీ పిండి పులియబెడతాడు.”

ఆ మనిషి గోడ పట్టుకుని నవ్వాడు. తరవాత తీర్పరుల కాగితం చదివి వినిపించాడు. పులుపు అపూర్వమట. చివర్లో సన్నగా మేపుల్ చెట్టు పాకం వాసన తగులుతుందట. ఈ దేశపు ఆత్మ ఆ గ్లాసులో ఉందట. ఆ ఆత్మ నా ఇంటి బేస్‌మెంట్‌లో బకెట్లో ఎందుకున్నదో నాకు తెలియలేదు. నీవు రగ్గు ఎవరికి కప్పావో అతణ్ణే అడిగాను. బార్లీ నానేసిన డబ్బాకి అని చెప్పాడు. ఆ డబ్బా గురించి నేను సంఘమంతటి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

షరతు నీకు తెలుసు. నెలాఖరుకి గది ఖాళీ చేయవలెను. కడుపుకు కొంచెం ద్రాక్షారసం మంచిదేనన్న బైబిలు వాక్యం నాకు చూపించవద్దు. ఇరవై ఏళ్ళుగా ఎవరో ఒకరు చూపిస్తూనే ఉన్నారు.

ప్రభుదాస్

తా.క. నాయనా, నా గుండె ఆగినంత పనైంది. ఆ రోజు నురగ తీసుకున్నాక బకెట్‌ని వట్టిగా వదిలి రావడానికి మనసొప్పక, నా పిండి గరిటెడు అందులో పోసి వచ్చాను. ఎవరింటి గిన్నైనా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. నీ పులుపు నా పిండిదే అయ్యుంటుంది. ఆ గడ్డమాయన కనబడితే చెప్పు, అది మేపుల్ కాదు. మెంతులు. పిడికెడు మెంతులు వేయందే నేను పప్పు నానబెట్టను.

~

గౌరవనీయులైన ప్రభుదాస్ గారికి,

అంకుల్ అని పిలిచే హక్కు పోయింది కనుక పిలవడం లేదు. తమరు రాసిన ప్రతి అక్షరం న్యాయం. నేను అబద్ధం చెప్పలేదు. నిజం కూడా చెప్పలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సన్నని గట్టు మీద ఈ చలికాలమంతా నడిచాను.

నా తరఫున చెప్పుకోదగింది ఒకటుంది. అది చెబితే గది నిలబడవచ్చు. కాని అందులో ఇంకొకరి పేరు వస్తుంది, అందుకని చెప్పను. పెట్టె సర్దుకుంటున్నాను. రగ్గు ఉతికి మెట్ల మీద పెట్టాను. బార్లీ వాసన ఒక ఉతుకుకి పోయేది కాదు, మన్నించండి.

ఇట్లు, అభిరామ్

తా.క. ఆదివారం పులుసు పంపకండి. ఇప్పటికే ఏడుపుగా ఉంది.

~

చి. అభిరామ్‌కు ప్రభువు నామమున శుభములు.

నీవు చెప్పననుకున్నది మీ ఆంటీయే చెప్పింది. భోజనాల దగ్గర నా పళ్ళెంలో అన్నం పెట్టి, కూర వేయకుండా ముందు ఇది చెప్పింది. ఆ పూట వట్టి అన్నమే తిని లేచాను. నేను దేని గురించి నిన్ను గెంటేస్తున్నానో ఆ నురగతోనే నా సంఘం విందు చేసుకున్నది.

పెద్దనన్నాక దాచకూడదు గనక పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి తల వంచుకుని అంతా చెప్పాను. ఆయన “బ్రదర్, బేకరీ రొట్టెను పొంగించేదీ ఆ ఈస్టే. ఇడ్లీ ఆవిరికి మత్తు మిగలదు. బీరు మాట వేరు, మీ షరతు మీది. ఇడ్లీలు మాత్రం ఆపించకండి” అన్నారు.

ఆమె పేరు చెప్పి గది నిలబెట్టుకునే వీలుండీ నీవు చెప్పలేదు. అందుకు గది నీదే. బకెట్ మాత్రం ఆ గడ్డం మనిషి గ్యారేజీకి పోవలెను. ఇకమీదట కింది నురగ పైకి రాకూడదు, పై పిండి కిందికి పోకూడదు. అమెరికా సరిహద్దులో విండ్సర్ వంతెన దగ్గర కస్టమ్స్ వాళ్ళు ఉన్నట్టు మెట్ల దగ్గర నేనుంటాను. ఇది తప్పితే మళ్ళీ మాట ఉండదు.

ఇట్లు, నీ అంకుల్,
ప్రభుదాస్

తా.క. బాబూ, పొంగిన పాత పిండంతా ఆయన పారబోయించారు. ఈస్టర్ విందు మళ్ళీ నా నెత్తినే పడింది. మొన్న ఇడ్లీ ఒకటి ఆయన చేతిలోంచి జారితే నేల మీద టక్కున మోగింది. నేనేం అడగడం లేదు. ఊరికే చెబుతున్నా.

~

పూజ్యులు, దయామయులు, మెట్ల సరిహద్దు రక్షకులు అయిన అంకుల్ గారికి,

ఈ ఉత్తరాన్ని మెట్ల మీద పెట్టడం లేదు. తమ ఆదివారపు కోటు జేబులో, రుమాలు కింద పెడుతున్నాను. ఈస్టర్ విందులో తమ ప్లేటు అయ్యాక మూతి తుడుచుకునేటప్పుడు చేతికి తగులుతుందని ఆశ.

ఈ చలికాలమంతా నేను చేయని వాటికి బిరుదులు పుచ్చుకున్నాను. బీదలకు రగ్గు నేనివ్వలేదు. ఆంటీకి ఇడ్లీ నేను నేర్పలేదు. ఆఖరికి ఆ బహుమతి బీరుకు పులుపెక్కించింది కూడా నేను కాదు, ఆంటీ. నేను అచ్చంగా, తెలివిలో ఉండి, నా రెండు చేతులతో చేసింది ఒక్కటే. అది ఇప్పుడు చెబుతున్నాను.

శుక్రవారం తమరిద్దరూ ఆరాధనకు వెళ్ళినప్పుడు మెట్లెక్కి వంటింట్లోకి వచ్చాను. టొరంటోలో పెద్ద పోటీ ఉంది. ఆ పులుపు, ఆ మెంతుల వాసన నాకు మళ్ళీ కావాలి. ఎన్ని గొట్టాలు కడిగినా అవి గడ్డమాయన గ్యారేజీలో పుట్టడం లేదు. ఆంటీ అప్పుడే రుబ్బి పెట్టిన పిండిలోంచి గరిటెడు నా సీసాలో పోసుకున్నాను. ఆంటీకి తెలియదు. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు, ఊరికే చెప్పారు.

గది సంగతి తమ చిత్తం. పెట్టె ఇంకా విప్పలేదు.

ఇట్లు, అభిరామ్

తా.క. ఖాళీ గిన్నె సంగతి తమకు తెలుసు. గ్యారేజీ నుంచి తెచ్చిన నురగ గరిటెడు ఆ పిండిలో కలిపి వచ్చాను. తమరు ఇది చదివేసరికి పాస్టరు గారు ఎన్నో ప్లేటులో ఉన్నారో ఒకసారి తల తిప్పి చూడగలరు.