బూట్ల కొలత అడిగారు

తకొరాడీ

ప్రియమైన అమ్మమ్మకు,

ఇది కూర్చోలేక నిలబడే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఎర్ర పెన్సిలు తియ్యకు. నువ్వు హెడ్మిస్ట్రెస్‌వన్న సంగతి ఈ ఒక్కసారికి మర్చిపో.

కోకో గింజల నాణ్యత చూసే ఆఫీసులో ఇంటర్వ్యూ అయింది. బాగా అయింది. డిగ్రీ చేతికొచ్చిన ఈ మూడేళ్ళలో ఈ మాట నేనెవరికీ రాయలేదు, అందుకే రాయడానికి భయంగా ఉంది.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మిసెస్ క్వాన్సా ఆ ఆఫీసుకు పెద్ద. నా ముందు పళ్ళెం నిండా కోకో గింజలు పోసి చాకు ఇచ్చారు. ఒక్కొక్క గింజా నిలువునా కోసి, బూజు పట్టినవి ఒకవైపు, సరిగా పులియక ఊదారంగులో మిగిలినవి ఒకవైపు పెట్టాను. చివర్లో ఖాళీ పళ్ళెం వాసన చూసి, "ఇవి ఎండలో ఎండినవి కావు మేడమ్, పొయ్యి మీద ఆరబెట్టారు. పొగ వాసనుంది" అన్నాను. ఆవిడ ఆ పళ్ళెం తీసి పక్కాయన ముక్కు కింద పెట్టి, "పొద్దున నేనిదే చెప్తే, జలుబు నాకే ఉందన్నావు" అంది.

తర్వాత అందరినీ అడిగే ప్రశ్న ఒకటుందట. బూజుగింజల మూట తెచ్చిన రైతు మీ గుమ్మంలో మేకను కట్టేసి వెళ్తే ఏం చేస్తారు అని. "ఆఫీసుకు తోలుకొచ్చి మీకప్పజెప్తాను, దారిలో అది నా ఫైలు తినకపోతే" అన్నాను. ముగ్గురూ నవ్వారు.

లేచి వస్తుంటే మిసెస్ క్వాన్సా వెనక్కి పిలిచింది. "అమ్మాయ్, నీ బూట్ల కొలత ఎంత?" అని అడిగింది. గోదాముల్లో తిరిగేవాళ్ళకు ఆఫీసే బూట్లిస్తుందట. ఉద్యోగం ఇవ్వని పిల్ల కాళ్ళతో వాళ్ళకేం పని అమ్మమ్మా?

నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఎఫువా అప్పుడే, "ఆ బూట్లేసుకుని నా గుమ్మం తొక్కకు, సిమెంటు పగుల్తుంది" అంటోంది.

మామయ్యకు చెప్పు. మొదటి జీతానికి ఆయన కళ్ళకు ఆపరేషను. ఈ మాటకు తిరుగు లేదు.

ఒకచోట నిలవలేకపోతున్న నీ మనవరాలు,
అరబా


సాల్ట్‌పాండ్

ప్రియమైన అరబా,

నీ ఉత్తరాన్ని బస్సు డ్రైవరు ఎండుచేపల బుట్ట మీద పెట్టి తెచ్చాడు. విప్పకముందే వీధిలో పిల్లులన్నిటికీ నీ సంగతి తెలిసింది.

బూట్ల కొలత అడిగితే ఉద్యోగం వచ్చినట్టు కాదు. శవపేటిక చేసేవాడూ కొలతే అడుగుతాడు. అయినా నాకూ సంతోషంగానే ఉంది. ఈ సంగతి నువ్వెవరికీ చెప్పకు, నా పరువు పోతుంది.

మీ మామయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. లేచి వెళ్ళి, తను చేసిన పాత పడవ పక్కన కూర్చున్నాడు. వచ్చాక కళ్ళెర్రగా ఉన్నాయి. ఏరా ఎబో అంటే, "రంపంపొట్టు పడింది" అన్నాడు. చూపు తగ్గి వాడు రంపం వదిలేసి ఏడాది దాటింది. తల్లి చచ్చిపోయిన మేనకోడల్ని పడవలు చెక్కి చదివించిన మనిషి, ఆ మాత్రం పొట్టు పడనీ.

మర్నాడు తెల్లవారకముందే చర్చికి వేసుకునే ఆదివారం గుడ్డ భుజాన వేసుకుని ఎటో వెళ్ళాడు, చీకటిపడ్డాక వచ్చాడు. ఎవరిదో చావుంది కాబోలనుకుని నేనడగలేదు. నువ్వూ వాడూ మంగళవారం పుట్టారు, మీ పేర్లు కూడా ఆ వారానివే. మంగళవారం వాళ్ళను అడిగి లాభం లేదు.

నువ్వు మాత్రం మర్నాడు వెళ్ళి ఆ పెద్దావిడకు కృతజ్ఞత చెప్పి ఉండవు. ఆఫీసుల్లో అలా చెయ్యరంటావు. సరే, మేం చదువుకున్న రోజుల్లో మేలు పొందినవాడు తెల్లవారేసరికి మేలు చేసినవాడి గుమ్మంలో ఉండేవాడు.

ఇంకో శుభవార్త. మీ మామయ్య పెంచే ఆ చుక్కలకోడి, నా చర్చి చెప్పుల్లో తప్ప ఎక్కడా గుడ్డు పెట్టనని ఒట్టేసుకున్నదే, అది నాలుగు రోజులుగా కనబడటం లేదు. దేవుడు ముసలివాళ్ళ ప్రార్థన ఆలస్యంగానైనా వింటాడు.

చెప్పుల్లో హాయిగా కాళ్ళు పెట్టుకున్న,
అమ్మమ్మ


తకొరాడీ

ప్రియమైన అమ్మమ్మకు,

రాలేదు.

ఇంతకంటే పెద్ద వాక్యం రాయాలని పొద్దుటినుంచి చూస్తున్నాను. "మీ ఆసక్తికి కృతజ్ఞతలు, మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నందుకు విచారిస్తున్నాం." కింద మిసెస్ క్వాన్సా సంతకం. పళ్ళెం పట్టుకున్న చెయ్యే అది.

నేను చేసిన తప్పేమిటో తెలిస్తే బాగుండేది. పొగ వాసన సంగతి అంత గట్టిగా చెప్పకూడదేమో. పక్కాయనకు చిన్నతనమైందేమో. మేక మాటకు వాళ్ళు మెచ్చుకుని నవ్వారనుకున్నాను, నన్ను చూసి నవ్వారేమో. తిరగేసిన కొద్దీ ప్రతి జవాబూ ఆ పళ్ళెంలో గింజలాగే ఉంది. పైకి బాగుంటుంది, కోస్తే బూజు.

ఇంతకుముందు నన్ను తిప్పిపంపిన చోట్లు చాలా ఉన్నాయి. అవేవీ ఇంత బాధ పెట్టలేదు. వాళ్ళెవరూ నా కాళ్ళ గురించి అడగలేదు మరి.

ఎఫువా పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్ద, వేయించిన చేప తెచ్చి పెట్టి, "తిను, నీ ఏడుపు వాళ్ళ ఆఫీసు దాకా వినబడదు, నా వంట మాత్రం చల్లారిపోతుంది" అంది. తిన్నాను.

మామయ్యకు ఎలా చెప్తావో నాకు తెలీదు. ఆపరేషను మాట ఎందుకు రాశానా అనిపిస్తోంది.

అరబా


సాల్ట్‌పాండ్

ప్రియమైన అరబా,

ఏడ్చావా? మంచిది. ఇక ముక్కు తుడుచుకుని చదువు.

నీ జవాబుల్లో తప్పు లేదు. ఆ మేక జవాబు నేను విన్న జవాబుల్లో మొదటి వరసలో ఉంటుంది. నేనైతే పూర్తి మార్కులేసి, ఫైలు తినడం గురించి ఎక్కువ మాట్లాడినందుకు ఒకటి తగ్గించేదాన్ని. తగ్గించినా నువ్వే మొదట ఉండేదానివి.

మరి ఎందుకివ్వలేదు? దీనికి జవాబు లేకపోవడమే నన్ను కాలుస్తోంది. బళ్ళో పిల్లను తప్పిస్తే ఎక్కడ తప్పిందో పక్కన రాసేదాన్ని. వీళ్ళు "విచారిస్తున్నాం" అంటారు. విచారించాల్సింది వాళ్ళు కాదే. నేను ఆ మిసెస్ క్వాన్సాకు ఉత్తరం రాస్తున్నాను. మర్యాదగానే రాస్తాను. నా మర్యాద ఎలా ఉంటుందో నా దగ్గర చదివినవాళ్ళకు తెలుసు.

మీ మామయ్యకింకా చెప్పలేదు. రోజూ అడుగుతున్నాడు. "ఆఫీసులు నెమ్మది రా, తాబేలు కూడా అక్కడ గుమాస్తాగా చేరితే నిద్రపోతుంది" అన్నాను. నవ్వాడు. వాడు నన్ను నమ్ముతాడు, అదే వాడిలో ఉన్న లోపం.

ఎండుచేపలు పంపుతున్నాను. ఎఫువాకు సగమివ్వు. ఆవిడ నోరు నాకు నచ్చింది.

కలం నూరుకుంటున్న,
అమ్మమ్మ


తకొరాడీ

ప్రియమైన అమ్మమ్మకు,

దయచేసి వాళ్ళకేమీ రాయకు. నేను కనుక్కున్నాను. కుమాసీ నుంచి వచ్చిన కుర్రాడొకడు నాకంటే బాగా చేశాడట. అతనికి గోదాములో పనిచేసిన అనుభవం కూడా ఉందట. న్యాయంగానే జరిగింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

నేను బాగానే ఉన్నాను. పక్కవీధిలో ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ఎఫువా పైకప్పు కారుతోంది, నిద్రలో కూడా గిన్నెలు జరుపుతుంది. పెరట్లోకి కొత్తగా ఒక కోడి చేరింది. మహా పొగరుది, నా చెప్పుల్లో గుడ్లు పెడుతోంది. ఎఫువా అయితే, "నీకు ఉద్యోగం రాకపోయినా నీ చెప్పులకొచ్చింది" అంటోంది.

వాళ్ళకు రాయనని మాటివ్వు అమ్మమ్మా. మామయ్యకు ఈ కుమాసీ కుర్రాడి సంగతే చెప్పు. ఇంకేమీ చెప్పకు.

ప్రేమతో,
అరబా


సాల్ట్‌పాండ్

ప్రియమైన అరబా,

వాళ్ళకు రాయొద్దని ఒక్క ఉత్తరంలో రెండుసార్లు రాశావు. నలభై ఏళ్ళు పిల్లల సంజాయిషీలు చదివినదాన్ని. రెండుసార్లు చెప్పిన చోటే అబద్ధం ఉంటుంది. అయినా నాకు అర్థం కాలేదు, కోడి దగ్గరకొచ్చేదాకా.

ఈ తీరంలో చెప్పుల్లో గుడ్డు పెట్టే కోడి ఒక్కటే ఉంది.

వెంటనే మీ మామయ్యను కూర్చోబెట్టి, ఉద్యోగం రాలేదని చెప్పాను. "అదెలాగమ్మా, నేను వెళ్ళి చెప్పుకునొచ్చానే" అన్నాడు. అప్పుడు బయటపడింది. నీ మొదటి ఉత్తరం విన్న మర్నాడు వాడు తొలి బస్సెక్కి తకొరాడీ వెళ్ళాడు. ఊరంతా అడిగి ఆవిడ ఇల్లు పట్టుకున్నాడు. "మా పిల్లను ఆదరించారు, పిల్ల మేనమామగా కృతజ్ఞత చెప్పుకోవాలి" అని, నీ పేరు చెప్పి మరీ, రెండు పెండలం దుంపలూ కోడీ కాపలావాడికి అప్పజెప్పాడు. "ఎంత మర్యాదస్థుడో, నా పేరు కూడా రాసుకున్నాడు" అని మెచ్చుకుంటున్నాడు.

నేను మేక సంగతి గుర్తుచేశాను. "చదివి వినిపించాను కదరా?" అన్నాను.

"అది లంచం కదమ్మా" అన్నాడు. "పని కాకముందు ఇస్తే లంచం. అయ్యాక ఇస్తే మర్యాద. ఇంటర్వ్యూ అయిపోయిందిగా."

ఆ మర్యాద వాడికి బెత్తం పట్టుకుని నేర్పింది నేను. అది తప్పని ఇప్పుడూ అనను. వాడి కళ్ళలోకి చూసి, నువ్వు చెప్పిన కుమాసీ కుర్రాడినే అప్పజెప్పాను. నీ అబద్ధం బాగా కుట్టిన చొక్కాలా వాడికి సరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే, "పోనీలే, ఉద్యోగం ఇవ్వకపోయినా పిల్లను గౌరవంగా చూశారు. దానికీ వెళ్ళి చెప్పుకోవాలి" అన్నాడు.

గురువారం బయల్దేరుతున్నాడు. ఈసారి పుంజు. వద్దన్నాను. కాళ్ళనొప్పులన్నాను, బస్సులు ఆగిపోయాయన్నాను. కారణం చెప్పకుండా వాణ్ణి ఆపగల మాట నా దగ్గర లేదు. కారణం చెప్తే ఆ పడవ పక్కన కూర్చున్నవాడు ఇక లేవడు. మీ అమ్మ పోయాక వాడు తనకోసం కట్టుకున్న పడవ నువ్వొక్కదానివే.

ముందు నీ దగ్గరకే వస్తాడు. ఎలాగోలా ఆపు. ఆ కోడిని కంటబడనివ్వకు. చెప్పులు లోపల పెట్టుకో.

ఇంకోచోట ఇంటర్వ్యూకి పిలిస్తే నాక్కూడా చెప్పకు.

మాట తోచని,
అమ్మమ్మ


తకొరాడీ

ప్రియమైన అమ్మమ్మకు,

నీకు తెలిసిపోయింది కనుక మొత్తం రాస్తాను. ఉద్యోగం రాలేదని నీకు రాశాక, కోడినీ దుంపల్నీ ఆఫీసు డ్రైవరు తెచ్చి నా గుమ్మంలో దింపాడు. "మేడమ్ వీటిని తీసుకోరు" అన్నాడు. చుక్కలకోడిని చూడగానే మామయ్య పనని తెలిసింది. మర్నాడు వెళ్ళి ఆవిణ్ణి కలిశాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టింది. "నువ్వు పంపలేదని నాకు తెలుసమ్మాయ్. నా మేనమామైనా అదే పని చేసేవాడు. కానీ నిన్నొక్కదాన్ని వదిలేస్తే, ఆ మేక ప్రశ్న నేనింక ఎవర్నీ అడగలేను" అంది. నా పేరు పక్కన గీత పడింది. ఆ ఆఫీసుకు ఇక దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. మామయ్య మీదా రాలేదు. ఎవరి మీదా కోపం రాకపోతే దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మామయ్య గురువారం వచ్చాడు. కోడిని పక్కింట్లో కట్టేయించాను. ఎఫువా రాత్రి భోజనానికి ఆయన పుంజునే కోసేసింది. "మీ పిల్ల చిక్కిపోయింది, ముందు దీనికి పెట్టండి, మేడమ్‌లు తర్వాత" అంది. మామయ్య నా పళ్ళెంలోకి ముక్కలు వడ్డించాడు. చెప్పులు మూడు జతలూ లోపల పెట్టాను. ఆయనవి మర్చిపోయాను.

పొద్దున ఆయన గుమ్మంలో చాలాసేపు వంగి ఉన్నాడు. కళ్ళు కనబడక చెప్పులు వెతుకుతున్నాడనుకున్నాను. వెళ్ళి చూస్తే చేతిలో గుడ్డు ఉంది. ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది, రెండు చేతుల్తో పట్టుకున్నాడు. తాడు తెంపుకొచ్చిన కోడి పక్కనే మట్టి గీరుకుంటోంది.

"ఇదెప్పుడొచ్చింది?" అన్నాడు.

నేను వంగి, కోడి కాలికి మిగిలిన తాడు ముక్క విప్పాను. ఆయన మళ్ళీ అడగలేదు. మిసెస్ క్వాన్సా ఇంటికి వెళ్ళలేదు. ఎఫువా మంచం కాళ్ళు ఊగుతున్నాయని మధ్యాహ్నం దాకా వాటిని బిగించాడు, తడుముకుంటూ. బస్సెక్కేటప్పుడు కోడిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది మీ అమ్మమ్మకు తెలియక్కర్లేదు" అన్నాడు. సరే అన్నాను.

ఆయన వచ్చాక ఏమీ అడక్కు. కోడిని చూసి ఎక్కడిదనకు. నీకది కష్టమని తెలుసు.

నీ అరబా


సాల్ట్‌పాండ్

ప్రియమైన అరబా,

వచ్చాడు. చంకలో కోడి. "తకొరాడీ సంతలో కొన్నాను" అన్నాడు. కోడి దిగీ దిగగానే తిన్నగా వెళ్ళి నా చర్చి చెప్పుల్లో కూర్చుంది. అదొక్కటే ఈ ఇంట్లో అబద్ధం చెప్పడం చేతకానిది. ఇద్దరం దాన్నే చూశాం.

"మంచి కోడే. బాగా బేరమాడినట్టున్నావు" అన్నాను.

"ఆఁ" అన్నాడు. అన్నం పెట్టాను. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి గానీ కోడి సంగతి గానీ ఇద్దరం ఎత్తలేదు.

ఇవాళ తెల్లవారకముందు తలుపు చప్పుడైంది. చూస్తే వాడే. ఒకే ఇంట్లో ఉంటూ, ఆదివారం గుడ్డ భుజాన వేసుకుని, పరాయివాడిలా నా గుమ్మంలో నిలబడ్డాడు. చేతుల్లో ఏమీ లేదు.

"అమ్మా, నిన్నటికి కృతజ్ఞత చెప్పుకుందామని వచ్చాను" అన్నాడు.

నిన్న నేనేం చేశానని అడగలేదు. కుర్చీ జరిపి, ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చినట్టు ముందు నీళ్ళిచ్చాను. తాగాడు.

మీ ఇద్దరి,
అమ్మమ్మ