రజిత చెల్లె

కల్వకుర్తి

మేడమ్ గారికి నమస్కారం.

బాలసదనం నుంచి రజితను మాకు పెంపకానికి ఇస్తామని మీరు చెప్పగానే మా ఆయన గదికి సున్నం వేసి, బావికి మూత పెట్టించారు. నిన్న మీ గోపాల్ సార్ పిల్లకు ఇల్లు చూపించడానికి తీసుకొచ్చారు.

మంచం చూసి, "మా చెల్లె యాడ పంటది?" అని అడిగింది.

"నీ పక్కకే బిడ్డా," అన్నారు మా ఆయన, చెల్లెను కూడా మాకే ఇస్తారనుకొని. అప్పుడు నవ్వింది.

వెళ్లేటప్పుడు సార్ నన్ను పక్కకు పిలిచి, "చిన్నదాన్ని పోయినేడే దత్తతకు ఇచ్చిన్రమ్మా. యాడికో మనకు చెప్పరు. గీ పిల్లకు ఎరుక లేదు," అన్నారు.

మేడమ్, సోమవారం పంపేముందు ఆ సంగతి మీరే చెప్పండి. మాకు నోరు రావడం లేదు. విన్నాక రానంటే బలవంతపెట్టకండి. చెల్లె ఉంటుందనే ఆ పిల్ల మా ఇంటికి వస్తానంది.

ఉంటాను.