ఓబులేసు పెట్టని అర్జీ

నంద్యాల, 1956, కార్తీక సోమవారం.

పొద్దున కోర్టుకు పోతూ చూస్తే బస్టాండు దగ్గర ఓబులేసు టీ బంకు లేదు. గుంజలు పీకిన నాలుగు గుంతలు మాత్రం ఉన్నాయి.

రోడ్డు మీది బంకులు తీసెయ్యాలని మునిసిపల్ ఛైర్మన్‌గా నోటీసుల మీద సంతకం పెట్టింది నేనే. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చని అడుగున రాయించిందీ నేనే. మిగతా వాళ్లంతా పెట్టుకున్నారు, గడువిచ్చాను. ఓబులేసు అర్జీ వచ్చిందేమోనని రోజూ ఫైలు తిరగేశాను. పిలిచి ఒక మాట చెప్పొచ్చు కదా! లేదు, అర్జీయే రావాలి. పాడు వకీలు బుద్ధి.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు మీద బంకు రేకులు కట్టిస్తూ కనిపించాడు. యుద్ధంలో నా కింద సిపాయి; బర్మాలో నా కాలికి తూటా తగిలితే రెండు మైళ్లు వీపున మోసినవాడు.

"అర్జీ ఎందుకు పెట్టలేదప్పా?"

"సంతకం నీదంట గదా సార్. నువ్వు ఆర్డరిచ్చినాక మళ్లా అర్జీ ఏందీ? బర్మాలో పెట్టినానా?"

సార్ అన్నాడు. ఈ ఊళ్లో నన్ను అన్నా అని పిలిచేది వాడొక్కడే. అది ఆర్డరు కాదు, వట్టి నోటీసని నాకు తెలుసు.

కండక్టరు "రైట్" అన్నాడు. ఓబులేసు ఫుట్‌బోర్డు మీద నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. అందరూ చూస్తున్నారు. నేనూ చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాను.

బస్సు ఆపాల్సిన చెయ్యి అది.