మన మెజారిటీ

బుధవారం రాత్రి, ఉదయగిరి.

యాప్‌ల పోటీలో నిన్నటిదాకా నాది ఆఖరి స్థానం. చెక్క గరిటెలు అమ్మిపెట్టే నా యాప్‌కి ఈ సాయంత్రం ఉన్నట్టుండి ఓట్లు కుప్పలుగా పడ్డాయి. ఇదే పోటీలో ఉన్న ఆత్మకూరు రమేష్‌వి దొంగ ఓట్లని నిర్వాహకులకు ఫిర్యాదు పెట్టిందే నేను. ఇప్పుడు నన్ను ఇరికించడానికి వాడే ఇవి వేయించాడేమోనని అనుమానం.

అన్నం తింటూ, ఒకప్పుడు సర్పంచిగా చేసిన నాయన అడిగాడు: "మన మెజారిటీ ఎంతమ్మా?"

"ఓట్ల సంగతి నీకెట్లా తెలుసు నాయనా?"

"వరికుంటపాడు బస్టాండులో అందరి ఫోన్లూ అడిగి తీసుకోని నీ యాప్‌కి నేనే నొక్కినాను. అడక్కుండా ఓట్లు పడతాయా ఏంది? రేపు కొండాపురం పోవాల."

వద్దనకుండా ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను. రమేష్‌కీ ఇలాంటి నాయనే ఉన్నాడేమో. ఫిర్యాదు మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.