వెడల్పు పలకలే తీసుకో

కురుమూర్తీ,

అచ్చంపేటలో బండి చక్రాల పని ఉంది, మొదటి బస్సుకే వెళ్తున్నాను. మీ వదిన జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి పెట్టింది, రైల్లో తిను. మోకాలి పట్టీ మరవకు.

పటాలం చేరగానే స్టోరులో ఆ మంచు మీద జారే పలకలు మార్పించుకో. ఈసారి వెడల్పైనవే అడుగు. పాదం కింద ఆరు వేళ్ల వెడల్పు ఉండాలి. పొడవు నీ తల దాటాలి, ముందు కొస పైకి లేచి ఉండాలి. చేత్తో వంచితే ఊరికే వంగేవి వద్దు. తొంభై ఐదు కిలోల మనిషివి, కాళ్లలో బలమున్నవాడివి, మెత్తటివి నీ కింద ఆగవు.

పోయిన ఏడు ఫోన్‌లో "అన్నా, సన్నయి తీస్కోవాల్నా, వెడల్పువా?" అని అడిగావు. "సన్నయే తీస్కోరా, బురదల సన్న చక్రమే కింద గట్టినేలను అందుకుంటది" అన్నాను. పొడి మంచులో కింద నేలే అందదని నాకేం తెలుసు? ఐదో తరగతిలో బడి మానినవాణ్ణి, నన్నెందుకు అడిగావురా? నడుము దాకా దిగబడి మోకాలు విరిగితే నిన్ను తవ్వి తీశారని విన్నప్పటి నుంచి నాకు పనిలో చెయ్యి ఆడటం లేదు. మళ్లీ అక్కడికే పోతున్నావు. నిన్ను చూస్తూ సాగనంపే ధైర్యం లేక లేపలేదు.

పలకలు అక్కడ జారడం నేర్పే ఉస్తాదుకు కూడా చూపించు. నా మాట ఒక్కటే పట్టుకోకు.

అన్న

అమ్మకు నువ్వు మెట్ల మీద జారావనే చెప్పాను. అట్లే ఉండనీ. నిజం తెలిస్తే ఈ ఇంట్లో నా మాట వినేవాళ్లు ఒక్కరూ మిగలరు.